పెద్దక్క మడత

సూపరింటెండెంటు ఆ కాగితాన్ని ప్యాకింగ్ బల్ల మీద పరిచి, ఎగిరిపోకుండా రెండు పక్కలా రెండు కత్తెరలు పెట్టాడు.

"రండి, అందరూ దగ్గరికొచ్చి చూడండి. పెళ్ళిచూపుల ఫోటోలేం కావు, సిగ్గుపడకండి," అన్నాడు.

ఆయన చొక్కా మీద ముడత చూసినవాళ్ళు ఆ ఆసుపత్రిలో లేరు. అందుకే వెనకాల ఇస్త్రీ సారు అంటారు. ఎదురుగా మాత్రం ఎవరూ ఏమీ అనరు.

బల్ల చుట్టూ నలుగురు ఆడవాళ్ళు చేరారు. ఆ గదికి ఉన్న పని ఒక్కటే. ఆపరేషన్లకి వాడే కత్తులు, కత్తెరలు, పట్టుకార్లు కడిగి, గుడ్డలో చుట్టి ప్యాక్ చేసి, ఆటోక్లేవ్ అనే పెద్ద యంత్రంలో ఆవిరి పట్టించి, క్రిమి అన్నది మిగలకుండా పై అంతస్తులోని థియేటర్‌కి పంపడం. అందరూ దాన్ని ఆవిరి గది అంటారు.

నలుగురిలో పొట్టిది, చేతివేగం ఉన్నది ఒకామె. తొమ్మిదేళ్ళ కిందట ఆమె చేరిన రోజునే పెద్దక్క ఆమెకి పిచ్చుక అని పేరు పెట్టేసింది. పెద్దక్క ఆ బల్లకి పెద్ద. ఇరవై ఏడేళ్ళ సర్వీసు. ఇంకో ఏడాదిన్నరలో రిటైరు కావాలి.

పిచ్చుక ఆ కాగితం వంక చూసింది. చూడగానే గుర్తుపట్టింది.

అది జిరాక్సు కాపీ. పదకొండు టేపు ముక్కలు వరసగా అంటించి ఉన్నాయి. ఒక్కో ముక్క కింద తేదీ, ప్యాక్ నంబరు టైపు చేసి ఉన్నాయి. పేరు లేదు, సంతకం లేదు. ఆ పదకొండు ముక్కలూ అంటించింది పిచ్చుకే. గ్లవ్స్ వేసుకుని అంటించింది. ఊరికి అటు చివర ఎవరూ తెలియని షాపులో టైపు చేయించింది. తనిఖీ ఆఫీసు ఫిర్యాదుల డబ్బాలో తన చేత్తో తనే వేసొచ్చింది. దొంగతనం చేసినవాళ్ళు కూడా అంత జాగ్రత్త పడి ఉండరు.

"పేరు తనిఖీ ఆఫీసువాళ్ళు చెప్పరు. చట్టం ఒప్పుకోదట. మంచిదే, నేనూ అడగలేదు," అన్నాడు ఇస్త్రీ సారు. "మేం జవాబు చెప్పుకోవాలి కాబట్టి ఆధారం కాపీ మాత్రం ఇచ్చారు. అర్ధగంట చూశాను. చూస్తే ఇది కనబడింది." ఒక ముక్క చివర వేలు పెట్టాడు.

టేపు మూల చిన్న ముక్కోణంగా మడిచి ఉంది.

ప్యాక్ మూసేటప్పుడు టేపు చివర కాస్త మడుస్తారు, థియేటర్లో నర్సు గ్లవ్స్‌తో పట్టి లాగడానికి వీలుగా. అన్ని ఆసుపత్రుల్లోనూ నిలువుగా మడుస్తారు. పెద్దక్క మాత్రం మూలగా మడుస్తుంది. వేలికి ఇట్టే తగులుతుంది, ఒక్క లాగుకి ఊడొస్తుంది. థియేటర్లో దానికి పెద్దక్క మడత అనే పేరు. ఆ పేరెంత పెద్దదయిందంటే, పక్కనే కూర్చుని పిచ్చుక కూడా అలాగే మడుస్తుందన్న సంగతి పైవాళ్ళకి తెలియదు. బల్ల నుంచి వెళ్ళే ప్రతి ప్యాకూ పెద్దక్కదే వాళ్ళ లెక్కలో.

పిచ్చుక అన్నీ దాచింది. తన చెయ్యి తనని అడక్కుండా చేసే పని ఒకటుందని మరిచిపోయింది.

"ఈ మడత ఎవరిది?"

మిగతా ఇద్దరు ప్యాకర్లూ తమ చేతుల వంక చూసుకుంటున్నారు. పెద్దక్క కళ్ళజోడు సవరించుకుని వంగింది. పదకొండు ముక్కల్నీ ఒక్కొక్కటే చూసింది, బియ్యంలో రాళ్ళు ఏరినంత ఓపిగ్గా.

పిచ్చుక నోరు తెరవబోయింది. బల్ల కింద పెద్దక్క కాలు వచ్చి ఆమె పాదం మీద పడింది. గట్టిగా తొక్కింది.

"దీనికింత సభ దేనికి సారూ?" అంది పెద్దక్క. "నాదే."

* * *

అసలు సంగతి నాలుగు నెలల కిందట మొదలైంది. పెద్ద యంత్రం తలుపు చుట్టూ ఉండే రబ్బరు పగిలి, ఆవిరి నిలవడం మానేసింది.

ప్యాక్ మీద వేసే టేపుకి లేత గీతలుంటాయి. ఆవిరి చాలినంతసేపు పడితే అవి నల్లబడతాయి. నల్లబడితే ప్యాక్ పైకి పోవచ్చు. నల్లబడకపోతే మళ్ళీ మొదటికి. ఆ గదిలో ఆ గీతలకి మించిన దేవుడు లేడు. రబ్బరు పగిలాక చాలా ప్యాకుల మీద గీతలు గోధుమరంగు దగ్గరే ఆగిపోవడం మొదలుపెట్టాయి.

పెద్దక్క వెళ్ళి చెప్పింది. "రబ్బరు తెప్పిస్తున్నాం," అన్నాడు ఇస్త్రీ సారు. వారం తరవాత మళ్ళీ చెప్పింది. "దారిలో ఉంది," అన్నాడు. మూలనున్న చిన్న యంత్రం బాగానే ఉంది గాని అందులో నాలుగు ప్యాకులకి మించి పట్టవు. థియేటర్‌కి రోజుకి నలభై కావాలి. ఆపరేషన్లు వాయిదా వేస్తే ఆసుపత్రి పరువు పోతుందట.

మూడో వారం ఆయనే ఒక ఉపాయం పట్టుకొచ్చాడు. ఉత్త టేపు చుట్టల్ని చిన్న యంత్రంలో పెట్టి ఆవిరి పట్టించాడు. గీతలు నిగనిగా నల్లగా బయటికొచ్చాయి.

"రంగు రాని ప్యాకులుంటే వాటి టేపు పీకేసి ఇది వెయ్యండి. పైవాళ్ళకి లేనిపోని బెంగ ఎందుకు?"

పెద్దక్క రెండు రోజులు ఎదురుతిరిగింది. మూడో రోజు తలవంచుకుని అంటించింది. కంచే చేను మేస్తుంటే గట్టు మీద నిలబడి అరిస్తే వినేదెవరు? అందరూ అంటించారు. పిచ్చుకా అంటించింది.

దర్జీ సంగతి తెలియకపోతే ఇంకా ఎన్నాళ్ళు అంటించేదో.

పిచ్చుక మొగుడు ఆ ఆసుపత్రి వ్యానే నడుపుతాడు. చీలమండ విరిగిన దర్జీ ఒకణ్ణి, లోపల ప్లేటు వేసి కుట్లు వేశాక, ఆయనే ఇంట్లో దింపాడు. పది రోజులకి చీముపట్టి జ్వరంతో మళ్ళీ తీసుకొచ్చాడు. మూడోసారి వ్యానెక్కించి ఇంటికి దింపేటప్పుడు ఆ మనిషికి మోకాలి కింద ఏమీ లేదు.

"మిషను తొక్కే కాలు," అన్నాడు ఆయన అన్నం ముందు కూర్చుని. "దిగేటప్పుడు నా భుజం పట్టుకుని ఏమన్నాడో తెలుసా? తమ్ముడూ, ఈసారి బరువు తగ్గాను, నీకు సులువు అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు."

పిచ్చుక తేదీలు లెక్కపెట్టుకుంది. దర్జీ ఆపరేషన్ రోజు పైకి వెళ్ళిన ప్యాకుల్లో మూడింటికి నల్ల టేపు అంటించింది తనే.

మర్నాటి నుంచీ పీకేసిన లేత టేపుల్ని చెత్తబుట్టలో వెయ్యడం మానేసి ఏప్రన్ జేబులో వేసుకుంది. బస్టాండు గోడ మీద తనిఖీ ఆఫీసు వాళ్ళ కాగితం ఎప్పుడూ చూసేదే: తప్పు చూస్తే చెప్పండి, మీ పేరు మా దగ్గర రహస్యం. పదకొండు పోగయ్యాక పంపింది.

* * *

మడత నాదే అన్న ఆ సాయంత్రమే పెద్దక్కని సస్పెండ్ చేశారు. ఫిర్యాదు చేసినందుకని కాగితంలో ఎక్కడా లేదు. ఇస్త్రీ సారు అంత అమాయకుడు కాదు. మడత మీదైతే ప్యాకూ మీదే, రంగు మారని ప్యాకుల్ని పైకి పంపిందీ మీరే, విధినిర్వహణలో తీవ్ర నిర్లక్ష్యం అని రాయించాడు. నల్లబడ్డ టేపు చుట్టలు అప్పటికే మాయమయ్యాయి. ఆయన మీద నేరం మోపడానికి పిచ్చుక పంపిన ఆధారం పెద్దక్క మెడకి చుట్టుకుంది.

డ్యూటీ దిగగానే పిచ్చుక స్టాఫ్ క్వార్టర్స్‌కి పరిగెత్తింది. ఒక గది, ఒక వంటిల్లు. భర్త పోయి, పిల్లలు లేక, ఆ గదిలో పన్నెండేళ్ళుగా పెద్దక్క ఒక్కతే ఉంటోంది. స్టవ్ మీద టీ మరుగుతోంది.

"వచ్చావా? చెప్పులు విడువు, ఇప్పుడే తుడిచా. సస్పెండ్ అయితే ఇల్లు శుభ్రంగా ఉంటుందే పిచ్చుకా, ముందే తెలిస్తే ఎప్పుడో అయ్యేదాన్ని."

"నవ్వకక్కా. ఎందుకలా చెప్పావు?"

"నా మడత నాదే అన్నా. తప్పేముంది?"

"అది నీది కాదని నీకూ తెలుసు."

పెద్దక్క టీ వడగట్టి ఆమె చేతికిచ్చింది. "కొన ఎటు వాలిందో చూడలేదనుకున్నావా? నాది కుడికి వాలుతుంది. నీది ఎడమచేతి వాటం, ఎడమకి వాలుతుంది. ఆ ఇస్త్రీ బొమ్మకి ఏం తెలుసు? నేను పదకొండూ చూశా. పదకొండూ నీవే."

"మరి ఆ మాటే అనుంటే..."

"అంటే? నువ్వు బయట, మీ ఆయన బయట. ఇద్దరూ ఒకే గేటు లోపల పని చేస్తున్నారాయె. పిల్లలిద్దరూ బడిలో ఉన్నారు. నాదేముంది, ఒంటి కాయ శొంఠి కొమ్ము. ఏడాదిన్నర ముందే ఇంటికి పోతా."

"నేను చేసిన పనికి నువ్వు..."

"ఒసే, ఆపు. నువ్వు చేసిన పని నేను చెయ్యాల్సింది." పెద్దక్క గొంతు మారింది. "రెండు రోజులు అరిచి మూడోరోజు అంటించా చూడు, దాన్ని గురించి నన్ను ఎవరూ అడగలేదు. నువ్వు మూడు అంటించుంటావు, పది అంటించుంటావు. నేను ఎన్ని అంటించానో నాకే తెలియదు. నీకు నేర్పింది నేను కదా. ఆవు చేలో మేస్తుంటే దూడ గట్టున మేసింది. అది మామూలుగా జరిగే పనా?"

పిచ్చుక ఏడుస్తూ టీ తాగింది.

"నువ్వు ఆ గదిలోనే ఉండాలి," అంది పెద్దక్క. "కళ్ళున్నది ఒక్కతయినా అక్కడ ఉండాలి. అర్థమైందా?"

* * *

ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో ప్లీడరమ్మ ముందు ఫైళ్ళు మెడదాకా ఉన్నాయి. పిచ్చుక చెప్పినదంతా విని కలం కింద పెట్టింది.

"ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు బయటపెట్టకూడదని చట్టం. పెట్టారా?"

"లేదండీ."

"అయితే తనిఖీ ఆఫీసు తప్పు చెయ్యలేదు. ఇక మీ పెద్దక్క. ఆవిడ ఫిర్యాదు చేసిందా?"

"చెయ్యలేదండీ. చేసిందనుకుని కదా ఆవిణ్ణి..."

"అనుకోవడం గురించి ఈ చట్టంలో ఒక్క ముక్క లేదమ్మా. చేసినవాళ్ళకే రక్షణ. చేశారన్న అనుమానంతో నలిగిపోయినవాళ్ళు ఎవరికీ ఏమీ కారు."

"చేసింది నేనని నేనే చెబితే?"

ప్లీడరమ్మ ఆమెని జాలిగా చూసింది. "చెప్పచ్చు. చెప్పిన నిమిషం నీ పేరు రహస్యం కాదు. ఈ చట్టం నీకిచ్చిందల్లా ఆ రహస్యం ఒక్కటే. దాన్ని నువ్వే విప్పేసుకుంటే తరవాత నిన్నేం చేసినా అడిగేవాడు లేడు. చలికి దుప్పటి ఇచ్చారు తల్లీ, గదికి తలుపు పెట్టలేదు."

"మరి ఇంకెలాగండీ?"

"సవరణ ఒకటి రాసి చట్టసభకి పంపాం. అనుమానానికి గురైనవాళ్ళకీ రక్షణ ఉండాలని. ఫిర్యాదు తరవాత ఎవరినైనా తీసేస్తే, అందుకు తియ్యలేదని యజమానే రుజువు చేసుకోవాలని."

"ఎప్పుడొస్తుంది?"

"నా జుట్టు నల్లగా ఉన్నప్పుడు పంపాం." నెరిసిన జుట్టు వెనక్కి తోసుకుంది. "విచారణ ఎప్పుడు?"

"వచ్చే బుధవారం."

"అయితే దానికి ఇది అందదు."

* * *

ఆదివారం పత్రికలో నాలుగు వాక్యాలు వచ్చాయి. ప్యాకింగ్ ఉద్యోగిని నిర్లక్ష్యం, రోగులకి ఇన్‌ఫెక్షన్లు, సస్పెన్షన్. ఆ మధ్యాహ్నం పిచ్చుక పెద్దక్క ఇంట్లో కూరగాయలు తరుగుతూ ఉండగా తలుపు చప్పుడైంది.

బయట ఒకామె. చేతిలో మడిచిన పేపరు. వేళ్ళ కొనల మీద సూది పొడిచిన మచ్చలు.

"ఆసుపత్రిలో అడిగితే ఈ ఇల్లు చూపించారు. పెద్దక్కంటే మీరేనా?"

"నేనేనమ్మా. ఎవరు నువ్వు?"

"దర్జీ పెళ్ళాన్ని. మీరు కాలు తీయించిన దర్జీ."

పిచ్చుక చేతిలో కత్తి ఆగిపోయింది. పెద్దక్క కుర్చీ జరిపింది. "లోపలికి రా తల్లీ. కూర్చో."

"మీ కుర్చీలో కూర్చోడానికి రాలేదు. మొహం చూసి పోదామని వచ్చా. ఎలా ఉంటారో అనుకున్నా. మా అత్తగారిలా ఉన్నారు." ఆమె చేతిలో పేపరు ఇంకో మడత మడిచింది. "రోజూ పొద్దున్నే లేచి మిషను దగ్గరికి పాక్కుంటూ పోతాడు. దాని మీద చెయ్యి వేసి కూర్చుంటాడు. చక్రం చేత్తో తిప్పుకుంటా, నువ్వు తొక్కవే అంటాడు. ఇద్దరం కలిసి ఒక చొక్కా కుట్టాం. చేతులు రెండూ పొట్టయ్యాయి. కొంచెం సేపు ఎక్కువ ఉడకబెడితే మీ సొమ్మేం పోయేదండీ? గిన్నెలు తోమేవాళ్ళకున్న శ్రద్ధ లేదా మీకు?"

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి జవాబు కోసం చూసింది.

"లేకపోయింది తల్లీ," అంది పెద్దక్క. "తప్పు నాదే."

ఆమె ఇంకాసేపు చూసి, పేపరు గుమ్మంలో పెట్టి, వెళ్ళిపోయింది. ఆమె మెట్లు దిగాక పిచ్చుక లేచి ఆ పేపరు లోపలికి తెచ్చింది.

"ఆ మొహం పెట్టకు," అంది పెద్దక్క. "ఆవిడతో అబద్ధం చెప్పానా? నేను అంటించలేదూ?" కూరగాయల పళ్ళెం దగ్గరికి లాక్కుంది.

ఇంటికెళ్ళి పిచ్చుక మొగుడితో చెప్పింది, బుధవారం వెళ్ళి తన పేరు చెప్పేస్తానని.

"ఇద్దరం ఒకే కొమ్మ మీద కూర్చున్నాం," అన్నాడాయన. "నువ్వు గొడ్డలి పట్టుకొస్తానంటున్నావు."

"దర్జీ పెళ్ళాం వచ్చింది. పెద్దక్క మొహం చూసి పోయింది."

ఆయన వ్యాను తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ మనిషిని మూడుసార్లు మోశాను," అన్నాడు. "ఎక్కించినప్పుడల్లా థాంక్స్ చెప్పాడు. వెళ్ళు. చెప్పేసిరా. వ్యాను కాకపోతే ఆటో."

* * *

విచారణ గదిలో ముగ్గురున్నారు. మధ్యలో ఒక రిటైరైన డాక్టరు, ఒక పక్క ఆసుపత్రి ప్లీడరు, ఇంకో పక్క ఇస్త్రీ సారు. నేరం మోపినవాడే తీర్పు చెప్పే బల్ల మీద కూర్చున్నాడు. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో పెద్దక్క.

పిలవకుండానే పిచ్చుక తలుపు తోసుకుని వెళ్ళింది.

"ఆ ఫిర్యాదు నాదండీ," అంది గుక్క తిప్పుకోకుండా. "టేపులు నేను పంపాను. ఆ మడతలు నావి. నేను ఎడమచేతి వాటం, కొన ఎడమకి పోతుంది, కావలిస్తే చూసుకోండి. రంగు రాని ప్యాకుల మీద నల్ల టేపు వెయ్యమని ఈ సారే చెప్పారు. టేపు చుట్టల్ని చిన్న మిషన్లో ఉడకబెట్టించారు. మేం నలుగురం అంటించాం."

డాక్టరు కళ్ళజోడు తీశాడు. ప్లీడరు రాయడం ఆపాడు. ఇస్త్రీ సారు మొహంలో మాత్రం ఒక్క ముడత రాలేదు.

"ఎంత ప్రేమో చూశారా?" అన్నాడు. "గురువుగారి కోసం శిష్యురాలు. కంటతడి పెట్టించేలా ఉంది."

"మిగతా ఇద్దర్నీ పిలిచి అడగండి," అంది పిచ్చుక.

పిలిచారు. ఇద్దరూ వచ్చారు. ఒకామె తనకేమీ తెలియదంది. రెండో ఆమె తాను ఆ వారం సెలవులో ఉన్నానంది. నాలుగు నెలల్లో ఏ వారమో ఎవరూ అడగలేదు.

డాక్టరు పెద్దక్క వైపు తిరిగాడు. ఆయన చెడ్డవాడేం కాదు, తొందరలో ఉన్నవాడు. "మీరు చెప్పండమ్మా. ఈ అమ్మాయి అన్నది నిజమేనా?"

పిచ్చుక పెద్దక్క కళ్ళలోకి చూసింది. ఒక్క మాట. అవును అంటే చాలు.

పెద్దక్క ఆమె వంక చూడకుండా, డాక్టరు చేతిలోని కళ్ళజోడు వంక చూసింది.

"పిచ్చిదండీ. నేనంటే పడి చస్తుంది. దాని మాటలు పట్టించుకోకండి. మడత నాదేనని ముందే చెప్పాను కదా."

"అక్కా!"

"నోర్ముయ్యి. పోయి పని చూసుకో."

నేరం ఒప్పుకునే మనిషి ఎదురుగా ఉండగా ఇంకో మనిషి ఎవరికి కావాలి? పావుగంటలో కాగితాల మీద సంతకాలు అయిపోయాయి.

* * *

తనిఖీ ఆఫీసు పాత యంత్రానికి సీలు వేసింది. నెలలోపే కొత్తది వచ్చింది. ఫిర్యాదు చేసినందుకు జరిగిన మంచి అంతవరకే. ఇస్త్రీ సారుని ఇంకా పెద్ద ఆసుపత్రికి, ఇంకా పెద్ద కుర్చీకి పంపారు.

వెళ్ళేముందు ఆయన ఒక పని పూర్తి చేసి వెళ్ళాడు. ఆరోజు పిచ్చుక మాటలు ఎవరు నమ్మినా నమ్మకపోయినా ఆయనకి తెలుసు అవి నిజమని. రెండు వారాలకే ఆమెని నేలమాళిగలో మురికి బట్టలు వేరుచేసే పనికి మార్చారు. ఆమె మొగుడి కాంట్రాక్టు మళ్ళీ రాయలేదు. ప్లీడరమ్మ దగ్గరికి వెళితే, "పేరు నువ్వే చెప్పుకున్నావు కదమ్మా," అని తల పట్టుకుంది. పెద్దక్క దేన్ని కాపాడదామని తలకెత్తుకుందో అది కూడా మిగల్లేదు.

ఆ మాట పెద్దక్కకి చెప్పడానికి పిచ్చుకకి ధైర్యం చాలలేదు.

క్వార్టర్సు ఖాళీ చేసి పెద్దక్క వేరే ఊళ్ళో తమ్ముడింటికి పోయింది. ఆదివారాలు ఫోన్ చేసేది. ఎలా ఉన్నావంటే మిషన్లోంచి తీసిన ప్యాకులా పొడిగా ఉన్నానే అనేది. అడిగేది ఒక్కటే.

"కొత్త మిషను ఎలా ఉంది? గీతలు నల్లబడుతున్నాయా?"

"కాటుకలా వస్తున్నాయక్కా," అనేది పిచ్చుక, నేలమాళిగలో రక్తపు దుప్పట్ల మధ్య నిలబడి. "నీ కుర్చీలో నేనే కూర్చుంటున్నా."

"కూర్చో. నిలబడితే నడుం పట్టేస్తుంది. కళ్ళు తెరుచుకుని కూర్చో."

నాలుగో నెలలో ఒక ఆదివారం ఫోన్ రాలేదు. పిచ్చుకే చేసింది. తమ్ముడు ఎత్తాడు. ఊపిరితిత్తులకి నెమ్ము చేసిందట, వారం రోజులు మంచాన ఉందట, పోయి రెండు రోజులైందట. మీ నంబరు ఎక్కడుందో తెలియలేదమ్మా అన్నాడు. పిచ్చుక ఆ సాయంత్రం బస్సెక్కి దర్జీ ఇంటికి వెళ్ళింది. జరిగిందంతా మొదటి నుంచి చెప్పింది. దర్జీ చేత్తో తిప్పుతున్న మిషను చక్రం ఆపి విన్నాడు. ఆయన భార్య చివరిదాకా విని ఒకే మాట అడిగింది.

"ఆరోజు మీరు కూడా ఆ గదిలోనే ఉన్నారు కదా. అప్పుడే ఎందుకు చెప్పలేదు?"



* * *

పెద్దక్క పోయిన ఏడాదికి సవరణ వచ్చింది. ప్లీడరమ్మ ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. "అనుమానం అన్న మాట చట్టంలోకి ఎక్కింది తల్లీ! పాత కేసులు కూడా తిరగదోడచ్చు. కాకపోతే బాధితులు గాని, వాళ్ళు లేకపోతే వారసులు గాని అడగాలి."

తమ్ముడు సంతకం పెట్టనన్నాడు. "పోయిన మనిషిని మళ్ళీ పంచాయితీకి ఈడ్వడం దేనికమ్మా? ఆవిడకేమన్నా తెలుస్తుందా?"

అందుకని పిచ్చుకే వెళ్ళింది. పాత కేసులు తిరగదోడే కొత్త కార్యాలయం, కొత్త రంగు వాసన, అప్పుడే పొడవైన వరస. రెండు గంటలకి ఆమె వంతు వచ్చింది. కిటికీ అవతల గుమస్తా ఫారం పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చాడు.

"ఏం మార్చమంటున్నారు?"

"నిర్లక్ష్యం అని రాసుంది ఆవిడ ఫైల్లో. అది తీసెయ్యాలండీ."

"బాధితురాలు చనిపోయారు. మీరు ఆవిడకేమవుతారు?"

"ఆవిడ మోసింది నా ఫిర్యాదండీ."

గుమస్తా తలెత్తాడు. ఫారం వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకి తిప్పి చూశాడు. "కూతురు, చెల్లెలు, కోడలు... ఇలాంటిది ఏదో ఒకటి చెప్పమ్మా. నువ్వన్నదానికి ఇందులో గడి లేదు."

"చెల్లెలని రాయించేసుకోమ్మా, ఎవరు చూడొచ్చారు? వెనక ఇంతమందిమి ఉన్నాం," అన్నాడు వరసలో ఒకాయన.

నిజమే, మూడక్షరాల పని. పిచ్చుక కలం పట్టుకుంది. పట్టుకుని ఆగిపోయింది.

"వద్దండీ. ఆ ఫైల్లో ఇప్పటికే కావలసినన్ని అబద్ధాలున్నాయి."

"ఖాళీగా వదిలితే పైనుంచి తిరిగొచ్చేస్తుంది."

"తిరిగొస్తే మళ్ళీ తెస్తాను."

గుమస్తా నిట్టూర్చి ఫారం తీసుకున్నాడు. ముద్ర వేశాడు. రసీదు రాసి కిటికీ కింద నుంచి తోశాడు.

ఆమె బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని రసీదు చదువుకుంది. తేదీ ఉంది, నంబరు ఉంది, పెద్దక్క పూర్తి పేరు తప్పుల్లేకుండా ఉంది. దాని కింద, సంబంధం అన్న చోట, గుండ్రటి అక్షరాలతో గుమస్తా రాశాడు: లేదు.